పావలా పోయింది, పావలా లెక్క పోలేదు

అనంతపురం జిల్లాలో అప్పు మాట వస్తే ఎవరూ శాతాల్లో చెప్పరు. "ఎంతకు తెచ్చినావు?" అని అడిగితే "నూటికి రెండ్రూపాయలు" అంటారు. మూడు రూపాయలంటే వినేవాళ్ళ ముఖాలు మారతాయి. ఐదు రూపాయలంటే అందరూ తలలు దించుకుంటారు. పొదుపు సంఘంలో తెచ్చిన అప్పు గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు కాస్త తేలికపడుతుంది: "అది పావలా వడ్డీలే."

ఆ మాట అంటున్న మనిషి చేతిలో పావలా బిళ్ళ ఉండదు. 2011 జూన్ 30 నుంచి దేశంలో ఎక్కడా దానికి చెల్లుబాటు లేదు. అది కొత్తగా అచ్చుపడటం అంతకు చాలా ముందే, 2002తోనే ఆగిపోయింది. అయినా మాట బతికే ఉంది. "పావలా కాసంత బొట్టు" అంటే ఇవాళ్టి పిల్లలకూ ఆ సైజు కళ్ళకు కడుతుంది.

పావలాకు రెండు బతుకులున్నాయి. ఒకటి లోహపు బిళ్ళగా గడిపిన బతుకు: ఎప్పుడు పుట్టింది, ఎన్నిసార్లు ఒళ్ళు మార్చుకుంది, ఎందుకు ఆగింది. రెండోది కొలతగా జనం నోట్లో గడుపుతున్న బతుకు. కరువు నేల మీద ఈ రెండో బతుకే గట్టిదని నేను నమ్ముతాను. ఎందుకో నిదానంగా చూద్దాం.

పేరులోనే లెక్క

పావు అంటే నాలుగో వంతు. రూపాయిలో పావు కాబట్టి పావలా. నాలుగో వంతుకే తెలుగులో ఇంకో పేరు పాతిక. నూటిలో నాలుగో వంతు ఇరవై ఐదు కాబట్టి ఇరవై ఐదునూ పాతికే అంటాం. పావలాకు పాతిక పైసలని 1957లో ప్రభుత్వం లెక్క కట్టకముందే మన భాష ఆ రెండింటినీ ఒకే మాటలో కట్టి పెట్టింది.

పాతకాలపు తెలుగు బడుల్లో, కరణాల కవిలెకట్టల్లో భిన్నాలు పదుల్లో నడిచేవి కావు, నాలుగుల్లో నడిచేవి. నాలుగో వంతు, పదహారో వంతు, అరవైనాలుగో వంతు రాసుకోడానికి తెలుగులో విడిగా గుర్తులుండేవి. ప్రపంచ లిపులన్నిటినీ కంప్యూటర్ల కోసం క్రమపరిచిన యూనికోడ్ పట్టికలో ఆ తెలుగు భిన్నాంకెలకు ఇప్పటికీ చోటుంది. పదహారో వంతు పేరు వీసం.

ఇప్పుడు పాత రూపాయిని ఆ కళ్ళతో చూడండి. రూపాయిని నాలుగు చేస్తే పావలా. పావలాను నాలుగు చేస్తే అణా. అణాను నాలుగు చేస్తే కాణీ. అణా అంటే రూపాయిలో వీసం, కాణీ అంటే అరవైనాలుగో వంతు. రొట్టెనైనా, బెల్లపు అచ్చునైనా సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేయడం బడి మొహం చూడని మనిషికీ వస్తుంది. పది ముక్కలు సమానంగా చేయమంటే మాత్రం చేయి తడబడుతుంది. పావలా ఇంతకాలం నిలవడానికి మొదటి కారణం ఇదే: అది కంటితో విడగొట్టగల భాగం.

గుత్తి కోటలో అచ్చుపడిన రాగి

అనంతపురం వైపు డబ్బును ఇప్పటికీ దుడ్డు అంటారు. ఒకప్పుడు దుడ్డు అంటే ఒక రాగి నాణెం. బిళ్ళ పోయి, పేరు డబ్బంతటికీ మిగిలింది. ఈ జిల్లాలో నాణేల పేర్లు నాణేలకంటే ఎక్కువకాలం బతకడం పావలాతో మొదలైంది కాదు.

ఇక్కడ నాణేలు వాడటమే కాదు, అచ్చువేయడం కూడా జరిగింది. టిప్పు సుల్తాన్ టంకశాలల్లో ఒకటి గుత్తిలో ఉండేది. ఆయన గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టాడు. ఆ పేరుతో, ఏనుగు బొమ్మతో ఉన్న రాగి పైసలు నాణేలు సేకరించేవాళ్ళకు బాగా తెలుసు. టిప్పు తన చిల్లర నాణేలకు ఆకాశం నుంచి పేర్లు తెచ్చి పెట్టాడు. పైసాకు జోహ్రా, అంటే శుక్రగ్రహం. అరపైసాకు బహ్రామ్, అంటే అంగారకుడు. పావు పైసాకు అఖ్తర్, అంటే నక్షత్రం. సంతలో ఉప్పు కొనడానికి ఇచ్చే రాగిముక్కకు అంత పేరు!

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అలా ఇచ్చిన జిల్లాలే దత్తమండలాలయ్యాయి. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. అప్పటి మద్రాసు లెక్కలు వరహాల్లో నడిచేవి. ఒక వరహాకు 42 పణాలు, ఒక పణానికి 80 కాసులు. అంటే వరహాకు 3,360 కాసులు. 42ను నాలుగు భాగాలు చేస్తే పదిన్నర వస్తుంది, అక్కడే లెక్క కుంటుతుంది. దానికి తోడు పాత రాజుల నాణేలు, పక్క రాజ్యాల నాణేలు, అరిగినవి, అంచులు కత్తిరించినవి అన్నీ ఒకే సంతలో తిరిగేవి. వాటిని మార్చి ఇచ్చే సరాఫు వట్టం పట్టుకునేవాడు. రైతు పంట అమ్మిన నాణెం ఒకటి, శిస్తు కట్టాల్సిన నాణెం మరొకటి అయినప్పుడు ఆ వట్టం భారం రైతు మీదే పడేది.

1818లో మద్రాసు రాజధానిలో రూపాయి ప్రధాన నాణెమైంది. 100 వరహాలకు 350 రూపాయలని లెక్క కట్టారు. 1835లో కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే నాణెం చట్టం వచ్చింది. ఆ చట్టంతో పుట్టిందే మనం పావలా అని పిలిచిన వెండి బిళ్ళ. దానిమీద రాసి ఉన్న పేరు పావు రూపాయి.

నాలుగు రోజుల కూలి

1835 నాటి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండింట పదకొండు వంతులు వెండి. పావలా అందులో సరిగ్గా నాలుగో వంతు: 2.92 గ్రాముల బరువు, అందులో మేలిమి వెండి 2.67 గ్రాములు. అప్పట్లో దాని విలువ దాని వెండిలోనే ఉండేది. టంకశాలకు వెండి పట్టుకెళితే, అచ్చుకూలి మినహాయించుకుని నాణేలు చేసి ఇచ్చేవారు. అందుకే బిళ్ళ నగ అయ్యేది, నగ బిళ్ళ అయ్యేది. అందుకే కాసుల పేరు ఒకేసారి నగా, నిల్వా.

ఈ రాకపోకలు బతుకుకు ఎంత దగ్గరివో 1876లో తెలిసింది. ఆ ఏడాది వానలు పోయాయి. ధాతు నామ సంవత్సరం కాబట్టి జనం దాన్ని ధాత కరువన్నారు. అనంతపురం అప్పటికి విడి జిల్లా కాలేదు, బళ్ళారి జిల్లాలో భాగంగా ఉంది, 1882లో వేరయింది. మద్రాసు రాజధానిలో అందరికంటే ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. కడుపు కోసం ఇళ్ళలోని వెండి సొమ్ములు అమ్ముకున్నారు, వాటిలో చాలా భాగం బొంబాయి టంకశాల కొలిమికి చేరింది.

1877 జనవరిలో కరువు పనులు చూడటానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పనికొచ్చిన మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, చేతికి ఒక అణా చాలన్నాడు. పౌను అంటే 450 గ్రాములు. రోజంతా రాళ్ళు కొట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ గట్టిగా ఎదురు చెప్పాడు. ఆ కూలిని మన లెక్కలో చూడండి. రోజుకు అణా, నాలుగు రోజులకు పావలా. నాలుగు పగళ్ళు ఎండలో కరిగిన ఒంటికి దక్కే వెండి మూడు గ్రాములకు లోపు. చిల్లర నాణెం చరిత్ర రాసేవాళ్ళు రాజుల బొమ్మల దగ్గర ఆగుతారు. ఆ బిళ్ళ వెల ఎంతో కరువు పనుల హాజరు పట్టీలు చెబుతాయి.

రేకు డబ్బా, అయస్కాంతం

గుత్తి దగ్గర పల్లెలో మా అవ్వకు ఒక రేకు డబ్బా ఉండేది. టీపొడి డబ్బా. అందులో చెల్లని బిళ్ళలన్నీ వేసి పెట్టేది. "చెల్లవు కదవ్వా, ఎందుకు దాస్తావు?" అంటే, "దుడ్డు అబ్బీ, పారేస్తే పాపం తగులుతాది" అనేది. ఆమె పోయాక డబ్బా నా దగ్గరికి వచ్చింది. ఒకరోజు పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం పక్కన పెట్టుకుని, అందులోని పావలాలను వరసగా పేర్చాను. మీ ఇంట్లో అలాంటి డబ్బా ఉంటే మీరూ చేసి చూడండి. అరవై ఏళ్ళ ఆర్థిక చరిత్ర పది నిమిషాల్లో తెలుస్తుంది.

మొదటిది జార్జి రాజు బొమ్మ ఉన్న 1943 నాటి బిళ్ళ. అయస్కాంతానికి కదల్లేదు. చూడటానికి వెండే, కానీ సగమే వెండి. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, 1940లో నాణెంలో వెండిని సగానికి తగ్గించి, మిగతా భాగం రాగి, నికెల్, జింకు కలిపారు. యుద్ధ కాలంలో అమెరికా అప్పుగా ఇచ్చిన వెండిని తీర్చడానికి ఇలాంటి బిళ్ళలనే వెనక్కి తీసుకుని, కలకత్తా అలీపూర్ టంకశాలలో కరిగించి వెండిని వేరుచేశారు. అందుకే ఆ బిళ్ళలు చాలావరకు కొలిమికి పోయాయి. అవ్వ డబ్బాలో ఒక్కటి మిగిలింది.

రెండోది 1946 నాటిది. వెనక పులి నడుస్తూ ఉంటుంది. ఇది అయస్కాంతానికి టక్కున అంటుకుంది, ఎందుకంటే ఇది నికెల్. పావలాలో వెండి కథ ఇక్కడ ముగిసింది. మూడోది 1954 నాటిది. రాజు పోయి అశోకుడి సింహాలు వచ్చాయి, వెనక ధాన్యపు కంకులు. 1950 ఆగస్టు 15న గణతంత్రం తెచ్చిన కొత్త వరసలోది ఇది. ఇదీ నికెలే, ఇదీ అంటుకుంది.

నాలుగోది 1961 నాటి 25 నయే పైసే. నికెల్, రెండున్నర గ్రాములు. దానిమీద హిందీలో రూపాయిలో నాలుగో భాగం అని రాసి ఉంది. ఐదోది 1970ల నాటిది. అయస్కాంతం మొహం చూడలేదు. 1972 నుంచి రాగి, నికెల్ కలిపి చేశారు, ఆ మిశ్రమాన్ని అయస్కాంతం పట్టదు. చివరిది ఖడ్గమృగం బొమ్మ ఉన్న బిళ్ళ, 1988 నుంచి 2002 దాకా వచ్చినది. మళ్ళీ అంటుకుంది. అది స్టెయిన్‌లెస్ స్టీలు, మన వంటింటి గిన్నెల చుట్టం.

వెండి, సగం వెండి, నికెల్, రాగినికెల్, ఉక్కు. ప్రతి మెట్టులోనూ లోహం చవకబడింది. కానీ చేతిలో పెట్టి తూచండి. 1835 పావలా 2.92 గ్రాములు, చివరి ఉక్కు పావలా 2.83 గ్రాములు. నడుమ కాస్త తగ్గి మళ్ళీ పెరిగినా, నూట అరవై ఏళ్ళ తర్వాత కూడా బరువు దాదాపు అంతే. వెలుతురు లేని అంగట్లో వేళ్ళతో తడిమి పావలాను గుర్తుపట్టే జనానికి ఆ అలవాటు చెడలేదు. లోపల సారం మాత్రం మొత్తం మారిపోయింది. గ్రాము వెండి వంద రూపాయలనుకుంటే పాత పావలాలోని వెండే 267 రూపాయలవుతుంది. చివరి పావలా పాత ఇనుము ధరకు పోతుంది.

ఈ వరసలో అవ్వ డబ్బాలో లేని బిళ్ళ ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి ధర పెరిగి, బిళ్ళను కరిగిస్తేనే లాభం అనే పరిస్థితి దగ్గరపడింది. 1918లో అమెరికా తన పాత వెండి డాలర్లు కరిగించి, సుమారు 20 కోట్ల ఔన్సుల వెండి ఇండియా కోసం ఇవ్వాల్సి వచ్చింది. ఆ కొరతలోనే 1919లో ఎనిమిది మూలల రాగినికెల్ నాలుగణాల బిళ్ళ వచ్చింది, 1921 దాకా అచ్చయింది. దానిమీద విలువ తెలుగు లిపిలో కూడా రాసి ఉంటుంది. 1907లో వచ్చిన అణా బిళ్ళ మీదా తెలుగు ఉంది. ఇంగ్లీషు రాని కూలి మనిషి తన చేతిలోని బిళ్ళను తన అక్షరాల్లో చదువుకోగలిగిన కాలం అది.

అణాలకూ పైసలకూ నడుమ వంతెన

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. రూపాయికి 16 అణాలు పోయి 100 నయే పైసలయ్యాయి. లెక్కలు సులువవుతాయన్నారు. కానీ అణా అంటే ఆరుంబావు పైసలు. ఆ పావు పైసాకు బిళ్ళ లేదు. కాబట్టి అణాకు 6 పైసలు, రెండణాల బేడకు 12, మూడణాలకు 19 అని సర్దుబాటు పట్టిక అచ్చువేశారు.

దాని అర్థం అంగడి గడప దగ్గర తెలిసేది. అణా పెట్టి కొనే వస్తువును పదహారు సార్లు విడివిడిగా ఆరేసి పైసలకు కొంటే 96 పైసలే అవుతాయి, రూపాయి కాదు. నాలుగు పైసలు ఎక్కడికో పోయాయి. మూడణాల వస్తువయితే తిరగబడి కొనేవాడికి నష్టం. ఎవరికి మిగిలింది, ఎవరికి పోయింది అని సంతలో వాదులాడుకోని పూట ఉండేది కాదని పెద్దవాళ్ళు చెప్పేవారు.

ఈ గందరగోళంలో చెక్కుచెదరకుండా అటునుంచి ఇటు దాటింది పావలా, దాని అన్న అర్ధరూపాయి. నాలుగణాలు సరిగ్గా 25 పైసలు, ఎనిమిదణాలు సరిగ్గా 50. అందుకే అణా పోయింది, బేడ పోయింది, కాణీ పోయింది. పావలా మాత్రం కొత్త కాలంలోకి పాత పేరుతోనే నడిచి వచ్చింది. 1964 జూన్‌లో నయా అనే మాట తీసేసి ఉత్త పైసా అన్నారు. జనం ఆ రెంటినీ పట్టించుకోలేదు. వాళ్ళకది ముందూ పావలానే, తర్వాతా పావలానే.

నా చిన్నతనంలో పావలాకు పొట్లం బొరుగులు, పైన చిటికెడు పుట్నాల పొడి వచ్చేవి. తిరునాళ్ళలో రంగుల రాట్నం ఒక చుట్టు. అవ్వ కొంగుముడి విప్పి ఆ బిళ్ళ తీసి, అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే మూసేది. "గట్టిగా పట్టుకో అబ్బీ." చేయి చెమటపట్టి, బిళ్ళ వాసన అరచేతికి అంటుకునేది.

టంకశాల అంకెలు చదవడం ఎలా

నాణెం మీద సంవత్సరం కింద చూడండి. చిన్న అయిదు మూలల నక్షత్రం ఉంటే అది హైదరాబాదులో అచ్చయింది. వజ్రం గుర్తుంటే బొంబాయి. చుక్క ఉంటే నోయిడా, అక్కడ 1988లో మొదలైంది. ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. హైదరాబాదు టంకశాల నిజాం కాలం నాటిది. సైఫాబాదులో 1903లో కట్టారు, 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది, 1997లో చర్లపల్లికి మారింది. అవ్వ డబ్బాలోని ఖడ్గమృగం బిళ్ళల మీద ఎక్కువగా నక్షత్రమే ఉంది. మన ఊరికి దగ్గరి టంకశాల నుంచే మన చిల్లర వచ్చిందన్నమాట.

నాణేలు అచ్చువేసేది కేంద్ర ప్రభుత్వం, జనంలోకి పంపేది రిజర్వు బ్యాంకు. అందుకే నాణేల అంకెలు రెండు రకాలు. ఒకటి ఆ ఏడాది ఎన్ని అచ్చయ్యాయి అన్నది. రెండోది ఇప్పుడు చెలామణీలో ఎన్ని ఉన్నాయి అన్నది. మొదటిది టంకశాల తలుపు దగ్గర లెక్కపెట్టిన అంకె, నమ్మవచ్చు. రెండోది తీసివేత లెక్క: పంపినవాటిలోంచి వెనక్కి వచ్చినవి తీసేస్తే మిగిలినవి. నేలలో పడి నల్లబడినవి, బావిలో జారినవి, హుండీ అడుగున ఉండిపోయినవి, అవ్వల డబ్బాల్లో దాగినవి, కరిగి బ్లేడులయినవి అన్నీ ఆ లెక్కలో చెలామణీలోనే ఉన్నట్టు.

దీనికి మంచి ఉదాహరణ పావలా రద్దే. రద్దుకు ముందు రిజర్వు బ్యాంకు లెక్కలో రూపాయికంటే చిన్న నాణేలు ఐదు వేల కోట్లకు పైగా ఉండేవి. వాటి మొత్తం విలువ మాత్రం సుమారు 1,450 కోట్ల రూపాయలే. రద్దు తర్వాత ఆ వరసలో మిగిలింది యాభై పైసల బిళ్ళ ఒక్కటే: 1,478 కోట్ల నాణేలు, విలువ సుమారు 700 కోట్లు. ఈ అంకె వార్షిక నివేదికల్లో ఏళ్ళ తరబడి కదలకుండా ఉంది. కొత్తవి రావు, పాతవి వెనక్కి పోవు. కదలని అంకె అంటే ఇళ్ళలో పడుకున్న బిళ్ళ అని అర్థం. తలా పది నాణేలు మన ఇళ్ళలోనే ఎక్కడో ఉన్నట్టు.

ఎందుకు ఆగింది

పావలా కోడికి ముప్పావలా మసాలా అని సామెత. చివరికి పావలాకే ఆ సామెత అన్వయించింది. ధరలు పెరుగుతూ పోతే బిళ్ళతో కొనేది తగ్గుతుంది, బిళ్ళలోని లోహం ధర పెరుగుతుంది. ఒకచోట ఆ రెండు గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి. అప్పటి నుంచి అచ్చువేసిన ప్రతి బిళ్ళా ఖజానాకు నష్టమే. ఇంకో చిక్కు: లోహం విలువ ముఖవిలువను దాటితే బిళ్ళలు బజారు నుంచి మాయమై కొలిమిలోకి పోతాయి. అచ్చువేసేకొద్దీ కొరత పెరుగుతుంది.

2010 డిసెంబరు 20న కేంద్రం ప్రకటన ఇచ్చింది. పావలా, అంతకు దిగువ నాణేలన్నీ 2011 జూన్ 30 నుంచి చెల్లవు. అంతకు ముందు రోజు దాకా బ్యాంకుల్లో ముఖవిలువకు మార్చుకోవచ్చు. ధరలు, బిల్లులు యాభై పైసలకో నిండు రూపాయికో సర్దుకోవాలి. అప్పటికి సంతలో పావలా తీసుకునే మనిషే లేడు కాబట్టి ఆ రోజు ఎక్కడా అలజడి కనిపించలేదు.

ఈ దారిలో నడిచింది మనమొక్కరమే కాదు. కెనడా 2012లో సెంటు అచ్చు ఆపి, నగదు చెల్లింపులను దగ్గరి ఐదు సెంట్లకు సర్దింది. అమెరికాలో 1909 నుంచి లింకన్ బొమ్మతో వస్తున్న సెంటు, ఒక్కోటి తయారు చేయడానికి 3.69 సెంట్లు పడుతుండటంతో, 2025 నవంబరులో జనంలోకి పంపడానికి చివరిసారి అచ్చయింది. అక్కడ ఉన్న మన పిల్లల ఇళ్ళలోనూ ఇప్పుడు సీసా నిండా సెంట్లు అలాగే ఉన్నాయి. అది వాళ్ళ అవ్వ డబ్బా.

లెక్క ప్రకారం ఆపడం సబబే. అయినా ఒక మాట గట్టిగా చెప్పాలి. అతి చిన్న నాణెం అంటే ధరల మెట్లలో అతి చిన్న మెట్టు. అది పోయినప్పుడు మెట్టు ఎత్తు పెరుగుతుంది. నెలసరుకు ఒకేసారి కొనేవాడు ఆ సర్దుబాటును ఒక్కసారే చూస్తాడు. ఏ పూటకాపూట నూనె, చక్కెర, తేయాకు పొట్లాలు కొనే కూలి మనిషి రోజూ చూస్తాడు. చిన్న కొనుగోళ్ళు ఎక్కువ చేసేవాళ్ళకే చిల్లరతో పని ఎక్కువ. 1957లో అణాను ఆరు పైసలు చేసినప్పుడూ ఇదే జరిగింది. పెద్ద లెక్కలో కనిపించని పైసా, చిన్న లెక్కలో రోజూ కనిపిస్తుంది.

బిళ్ళ లేని పావలా

ఇక రెండో బతుకు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా పొదుపు సంఘాల కోసం ఒక పథకం తెచ్చింది. వాయిదాలు సక్రమంగా కట్టిన సంఘాలకు, ఏడాదికి మూడు శాతానికి పైబడిన వడ్డీని ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. దానికి పావలా వడ్డీ అని పేరు పెట్టారు. మూడు శాతం వడ్డీ పథకం అని పేరు పెట్టి ఉంటే పల్లెల్లో ఎంతమందికి ఎక్కేదో చెప్పలేం. పావలా అన్నారు కాబట్టి రచ్చబండ మీద వివరించాల్సిన పనే రాలేదు. అప్పటికి ఆ బిళ్ళ అచ్చు ఆగి రెండేళ్ళయింది. ఆ పథకం నడుస్తుండగానే బిళ్ళ చెల్లకుండా పోయింది. సంఘం పుస్తకాల్లో మాత్రం పావలా ధీమాగా ఉంది.

మన వడ్డీ లెక్క ఎలా నడుస్తుందో తెలియని కొత్త తరం కోసం విడమరిచి చెబుతాను. మన పల్లెల్లో వడ్డీ అంటే నూరు రూపాయలకు, నెలకు, ఇన్ని రూపాయలు అని. పావలా వడ్డీ అంటే నూటికి నెలకు పాతిక పైసలు. పన్నెండు నెలలకు మూడు రూపాయలు. అంటే ఏడాదికి మూడు శాతం. అర్ధరూపాయి అయితే ఆరు శాతం. ముప్పావలా అయితే తొమ్మిది. రూపాయి వడ్డీ అంటే పన్నెండు. రెండ్రూపాయలు అంటే ఇరవై నాలుగు. ఐదు రూపాయలు అంటే అరవై.

ఒక ఉదాహరణ. శెనక్కాయ వేయడానికి విత్తనం, ఎరువు, సేద్యం ఖర్చులకు ఒక ఇంట్లో లక్ష రూపాయలు అప్పు తెచ్చారనుకోండి. రెండ్రూపాయల వడ్డీకయితే నెలకు 2,000, ఏడాదికి 24,000. అదే పావలా వడ్డీకయితే నెలకు 250, ఏడాదికి 3,000. తేడా 21,000. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా మనది, దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. జూలైలో విత్తనం వేసి ఆగస్టు అంతా మొగులు చూస్తూ కూర్చునే రైతుకు, పంట పోయినా పోకున్నా ఆ 21,000 ఖాయం. వాన ముఖం చాటేస్తుంది గానీ వడ్డీ ఒక్క నెల కూడా తప్పదు. పావలాకూ రెండ్రూపాయలకూ నడుమ ఉన్న ఆ దూరంలోనే ఆడపిల్ల చదువు, ఎద్దుల జత, ఒక్కోసారి ఒక ప్రాణం ఉంటాయి.

ఇవాళ కూలి డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతోంది. ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదట 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. 1877లో రాళ్ళు కొట్టిన చేతికి అణా పడిన నేల మీదే, ఇప్పుడు కూలి అంకెగా ఫోనులోకి వస్తోంది. ఆ అంకెల్లో పైసలు ఇంకా ఉన్నాయి. పెట్రోలు బంకు బోర్డు మీద, బ్యాంకు వడ్డీ పద్దులో పాతిక పైసలు దర్జాగా నిలబడే ఉన్నాయి. పోయింది బిళ్ళే, భాగం పోలేదు.

అందుకే పావలాను జ్ఞాపకంగా దాచుకోవద్దని, పనిముట్టుగా వాడుకోమని చెబుతాను. ఎవరైనా అప్పు ఇస్తామని వస్తే, వడ్డీ ఎంతో నెలకు నూటికి లెక్కన చెప్పమనండి. అందులో ఎన్ని పావలాలు ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఒక్కో పావలాకు ఏడాదికి మూడు శాతం. రెండ్రూపాయల్లో ఎనిమిది పావలాలు, అంటే ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు. ఐదు రూపాయల్లో ఇరవై పావలాలు, అంటే అరవై. సంతకం పెట్టేముందు, వేలిముద్ర వేసేముందు ఈ ఒక్క లెక్క చాలు. దీనికి కాగితం అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. ఆ బిళ్ళను నా గుప్పిట్లో పెట్టి మూసిన మా అవ్వకు సంతకం రాదు. ఈ లెక్క మాత్రం ఆమెకు ఎప్పుడూ తప్పలేదు.